తందూరు లేని యింట నాన్ రొట్టె

నాన్ రొట్టెను గూర్చి మేము ఈ వ్యాసము వ్రాయుటకు ఒక చిన్న పరాభవము కారణము. గడచిన సంవత్సరము పాఠశాల వార్షికోత్సవమునాటి రాత్రి వసతిగృహ విద్యార్థులకు విందు చేయదలచి హైదరాబాదునుండి నాన్ రొట్టెలు తెప్పించితిమి. సిద్దిపేటకును హైదరాబాదునకును సుమారు నూరు కిలోమీటర్ల దూరము. ఉదయము కాల్చిన రొట్టెలు మధ్యాహ్నము బస్సునెక్కి, సాయంకాలమునకు మా వంటశాల చేరునప్పటికి తోలువలె బిగిసిపోయెను. ఒక బాలుడు దానిని రెండు చేతులతో పట్టి లాగి చూచి, చెప్పులు కుట్టించుకొనుటకు పనికివచ్చునని యనెను. అందరును నవ్విరి, మేమును నవ్వితిమి. కాని ఆ సొమ్ము వసతిగృహపు భోజనపు లెక్కలోనుండి తీసినది గనుక మా నవ్వు చాలసేపు నిలువలేదు.

మరుసటి వారము మొదలు శనివారము మధ్యాహ్నములందు గృహవిజ్ఞానపు తరగతిని ఈ పనికే వినియోగించితిమి. తందూరు లేక నాన్ చేయవచ్చునా, చేసిన అది నాన్ అనిపించుకొనునా యనునది ప్రశ్న. ఆరు శనివారములు పట్టెను. తెలిసికొన్న సంగతులను, పాడుచేసిన పిండితో సహా, చదువరులకు విన్నవించుచున్నాము.

నాన్ అను మాటకు పారశీకమున రొట్టె యని యర్థము. కావున "నాన్ రొట్టె" యనునపుడు మనము ఒకే మాటను రెండు భాషలలో పలుకుచున్నాము. అలవాటైన మాట గనుక మేమును అట్లే వ్రాయుచున్నాము. హైదరాబాదు రాజ్యమున ఈ జాతి రొట్టెలకు రాజచిహ్నముతోడి సంబంధము కూడ చెప్పుదురు. మొదటి ఆసఫ్ జా దక్కనునకు రాకపూర్వము ఒక సూఫీ మహాత్ముని దర్శించినపుడు ఆయన పచ్చని వస్త్రమున చుట్టిన కుల్చాలను పెట్టెననియు, ఏడు కుల్చాలు తినగా ఏడు తరముల రాజ్యము కలుగునని దీవించెననియు, ఆసఫ్ జాహీ పతాకమందలి పసుపు వన్నెయు నడుమనున్న గుండ్రని గుర్తును ఆ కథవలన వచ్చినవేయనియు ఐతిహ్యము. ఇది కథయే కాని చరిత్ర యని మేము చెప్పము. పాతబస్తీలో పురానీ హవేలీ చెంత 1851లో ప్రారంభమైనదని చెప్పెడు మున్షీ నాన్ అంగడి మాత్రము లోకప్రసిద్ధము. నాలుగవ నిజామగు నాసిరుద్దౌలా కొలువులో మున్షీగా నుండినవారు దానిని పెట్టిరని ప్రతీతి. అచ్చటి నాన్ గుండ్రముగాను పొడవుగాను ఉండదు. నాలుగు మూలలు గలదై యుండును. అందుచే దానిని "చార్ కోనీ నాన్" అందురు. తెల్లవారుజామున నహారీతో దానిని తినువారు నేటికిని గలరు.

తందూరు లేనివారికి ధైర్యము చెప్పు సంగతి యొకటి యీ సందర్భమున జ్ఞాపకము చేయవలసియున్నది. అక్బరు చక్రవర్తి కొలువులో నుండిన అబుల్ ఫజల్ తన ఐనె అక్బరీ గ్రంథమున పాకశాలలోని రొట్టెలను వర్ణించుచు, పెద్ద రొట్టెలను పొయ్యిగూటిలోను, పలుచని రొట్టెలను ఇనుప రేకుమీదను కాల్చుదురని వ్రాసెను. కావున ఇనుప పెనమును రాజుల పంక్తినుండి వెలివేయ నక్కరలేదు.

ఇక తందూరు చేయు పని యేమో విచారింతము. తందూరు మట్టితో చేసిన పెద్ద కాగువంటిది. అడుగున బొగ్గులు మండుచుండును. గోడలు 300 డిగ్రీల సెంటిగ్రేడుకు పైబడి కాగియుండును. పనివాడు పిండిరొట్టెను గుడ్డమెత్తమీద పరచి లోపలి గోడకు చరచును. తడి పిండి వేడి గోడకు అంటుకొనును. అప్పుడు రొట్టె వెనుకభాగమునకు గోడనుండి వేడి నేరుగా ప్రాకును, ఇది ఉష్ణవహనము. ముందుభాగమునకు నిప్పులనుండియు ఎదుటి గోడలనుండియు వేడి కిరణములై తగులును, ఇది ఉష్ణవికిరణము. వేడెక్కిన గాలి లోపల పైకి క్రిందికి తిరుగుట సంవహనము. పైతరగతివారు భౌతికశాస్త్రమున మూడు పాఠములుగా చదువుకొనునది ఆ మట్టికాగులో ఒక్క నిమిషమున జరిగిపోవుచున్నది. రెండు నిమిషములలోపల రొట్టె పొంగి, మచ్చలు పడి, బయటికి వచ్చును.

ఈ త్వర యందే నాన్ యొక్క మర్మమున్నది. రొట్టె ఎంతసేపు పొయ్యిమీదనుండునో అంత నీరు దానినుండి పోవును. మేము మొదటి శనివారము నాన్ ను చపాతీవలె సన్నని మంటమీద ఇటునటు త్రిప్పుచు ఆరేడు నిమిషములు కాల్చితిమి. పైకి చక్కగానే కనబడినది. విరిచిన బిస్కత్తువలె పెళుసుగా నుండెను. కావున మనకు కావలసినది తందూరు కాదు. క్రిందినుండి తాకెడు తీవ్రమైన వేడియు, వెనువెంటనే పైభాగమునకు తగులు మంటయు. ఈ రెండును సమకూర్చగలిగిన ఏ పాత్రయైనను చాలును.

పిండిని గూర్చి కొంత విస్తరించి చెప్పవలెను. మన ప్రాంతపు రొట్టె జొన్నరొట్టె. జొన్నపిండిలో జిగురు లేదు. అందుచే మన తల్లులు దానిని కాగిన నీటితో కలిపి, పిండిలోని గంజిని కొంత ఉడికించి, ఆ బంకతో ముద్ద నిలుచునట్లు చేసి, చేతితో తట్టుదురు. గోధుమలో వేరొక గుణమున్నది. నీరు తగిలి మర్దించినప్పుడు అందలి మాంసకృత్తులు కలిసి గ్లూటెన్ అను సాగెడు జిగురగును. అది రబ్బరు తిత్తివలె గాలిని పట్టి యుంచును. పొంగుటకు గాలి కావలెను. గాలి నిలుచుటకు ఈ తిత్తి కావలెను. మైదాలో పొట్టు లేదు గనుక తిత్తి తెగదు. గోధుమపిండిలోని పొట్టు రేకులు చిన్న కత్తులవలె దానిని కోయును. ఆరోగ్యమునకు పొట్టుగల పిండియే మేలనుట సత్యము. మేము సగము సగము కలిపి చేసిన రొట్టె తినదగినదిగానే యుండెను, కాని పొంగు తక్కువ. నిత్యభోజనమునకు నాన్ ను మేము సిఫారసు చేయుట లేదు. పండుగకు చేసికొనునది పండుగవలె నుండవలెనని మాత్రమే మా యభిప్రాయము.

ఎనిమిది రొట్టెలకు అర్ధకిలో మైదా, ఒక చిన్న చెంచాడు పంచదార, ఒకటిన్నర చిన్న చెంచాల ఉప్పు, 5 గ్రాముల ఎండు ఈస్టు, 120 గ్రాముల పుల్లని పెరుగు, రెండు పెద్ద చెంచాల నూనె లేక నెయ్యి, 200 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీరు పట్టును. మైదా రకమునుబట్టి నీరు మరి రెండు చెంచాలు పట్టవచ్చును. ముద్ద చేతికి కొంచెము అంటుచున్నట్లే యుండవలెను. అంటుచున్నదని భయపడి పొడిపిండి చల్లుచు పోవువారి రొట్టె గట్టిపడును. పది నిమిషములు అరచేతి మడమతో నొక్కి మడచుచు మర్దించిన ఆ అంటు దానంతట అదియే తగ్గును. ఈ పనికి బాలురను నియోగించితిమి. బలము ఎక్కువైనను ఓపిక తక్కువయని బాలికలు ఫిర్యాదు చేసిరి.

ఈస్టు సజీవమైన సూక్ష్మశిలీంధ్రము. పంచదారను తిని బొగ్గుపులుసు గాలిని విడుచును. పులియుట జీవులు చేయు పనియేయని లూయీ పాశ్చర్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1857 మొదలుకొని ప్రకటించిన పరిశోధనలలో చూపెను. జీవి గనుక దానికి చావు కలదు. 60 డిగ్రీల వేడిని అది భరింపలేదు. రెండవ శనివారము మేము వేడినీరైన త్వరగా పులియునని యెంచి పొగలు వచ్చు నీటిలో ఈస్టును వేసితిమి. మూడు గంటలు కాచుకొని కూర్చున్నను ముద్ద కదలలేదు. ఆ రోజు పిండిని పూరీలుగా వేయించి తినిరి. నీటిలో వేలు ముంచిన, వెచ్చదనము తెలిసియు తెలియనట్లుండవలెను. ఈస్టును పంచదారతో ఆ నీటిలో కలిపి పది నిమిషములుంచిన నురుగు కట్టును. నురుగు కట్టనిచో ఆ ఈస్టు చచ్చినదని యెరిగి, మైదాను పాడుచేయక వేరు ఈస్టు తెచ్చుకొనవలెను.

ముద్దమీద తడిగుడ్డ కప్పి అది రెండింతలగువరకు ఉంచుదురు. దీనికి గడియారముకంటె కన్ను మేలు. సిద్దిపేటలో ఏప్రిలు నెల మధ్యాహ్నము ముప్పావు గంట చాలినది. డిసెంబరులో రెండు గంటలు దాటినది. ఈస్టు దొరకనిచోట అర చిన్నచెంచా వంటసోడాను పెరుగుతో కలిపి చేయవచ్చును. పెరుగులోని పులుపు సోడాతో కలిసిన వెంటనే గాలి పుట్టును గనుక అరగంటలోపల కాల్చవలెను. సోడా మించిన రొట్టె పసుపుపచ్చనై సబ్బు రుచి కలుగును. అట్టి రొట్టె మెత్తగా నుండును కాని, పులిసిన పిండి వాసన దానికి రాదు.

ఇక కాల్చుట. చెక్కపిడిగాని ఇనుపపిడిగాని గల బరువైన ఇనుప పెనము కావలెను. అంటని పూత పూసిన పెనము రెండు విధముల పనికిరాదు. ఆ పూత సుమారు 260 డిగ్రీలు దాటిన చెడుటకు మొదలిడును, మరింత కాగిన హానికరమగు పొగలు విడుచును. అదియు గాక రొట్టె దానికి అంటదు. అంటుకొనుటయే మనకు కావలసిన పని. మూడవ శనివారము ఒక విద్యార్థిని తన యింటినుండి అట్టి పెనము తెచ్చెను. బోర్లించుటయే తడవుగ రొట్టె మంటలో పడి బొగ్గయ్యెను.

పులిసిన ముద్దను ఎనిమిది భాగములు చేసి, ఉండలను పావుగంట విశ్రమింపనీయవలెను. వెంటనే ఒత్తిన జిగురు బిగిసియుండి వెనుకకు ముడుచుకొనును. అటుపిమ్మట అరచేతులతో గాని అప్పడాల కర్రతో గాని పావు అంగుళము మందమున ఒత్తవలెను. పెనమును పెద్దమంటమీద నాలుగైదు నిమిషములు కాగనిచ్చి, నీటిబొట్టు పడిన చిమచిమ లాడి క్షణమున ఆరిపోవు స్థితికి తేవలెను. రొట్టె వెనుకభాగమంతటికిని చేతితో నీరు పూసి, ఆ తడి ముఖము పెనమును తాకునట్లు వేసి, అంచులు ఒత్తవలెను. తడి ముఖమున పొడిపిండి యుండరాదు, ఉన్నచో అంటదు. ఒక నిమిషములో పైన బుడగలు లేచును. నీరు ఆవిరియైనపుడు దాని పరిమాణము వేయి ఆరువందల రెట్లకు మించి పెరుగును. ఆ ఆవిరియు ఈస్టు గాలియు కలిసి రొట్టెను ఎత్తును. అప్పుడు పెనమును పిడితో పట్టుకొని, మంటకు మూడు నాలుగు అంగుళముల ఎత్తున బోర్లించి, అన్ని వైపులకు మంట తగులునట్లు మెల్లగా త్రిప్పవలెను. మరి యొక నిమిషమున పైభాగము గోధుమవన్నె దాల్చి అచ్చటచ్చట నల్లని మచ్చలు పడును. పెనమును నిలువబెట్టి అట్లకాడతో అంచు లేపిన రొట్టె ఊడివచ్చును. వెంటనే నెయ్యి గాని వెన్న గాని రాచి గుడ్డలో చుట్టవలెను. బరువైన పెనమును నిప్పుమీద బోర్లించుట చిన్నపిల్లలు ఒంటరిగా చేయదగిన పని కాదు. చేతికి మందమైన పొడిగుడ్డ యుండవలెను, పైట కొంగు బిగించుకొనవలెను.

ఆ మచ్చల వలననే నాన్ కు వాసన కలుగును. సుమారు 140 డిగ్రీలు దాటినపుడు పిండిలోని చక్కెరలును మాంసకృత్తుల యంశములును కలిసి గోధుమవన్నెను, కమ్మని వాసనను పుట్టించును. ఈ మార్పును 1912లో వర్ణించిన మయార్ అను శాస్త్రజ్ఞుని పేరనే దానిని పిలుచుదురు. పెనముమీద మూతపెట్టి కాల్చువారి రొట్టె ఉడుకునేగాని వన్నె తిరుగదు. ఆవిరి పైన నిండియున్నంతవరకు తడి ముఖము నూరు డిగ్రీలు దాటజాలదు. ఇండక్షన్ పొయ్యి గలవారికి బోర్లించుటకు మంట లేదు. అట్టివారు రొట్టెను త్రిప్పి రెండవవైపు గట్టిగా ఒత్తి కాల్చుకొనవలసినదే. అది కొంత తక్కువ నాన్.

ఒక ప్రమాదమును ఇచ్చటనే చెప్పుట మా విధి. నాలుగవ శనివారము, గ్యాసుమంటకు బొగ్గు వాసన రాదని, ముగ్గురు విద్యార్థులు కుంపటిలో బొగ్గులు రాజేసి, గాలికి ఆరకుండునట్లు సామానుగది తలుపులు మూసి కాల్చసాగిరి. అరగంటకు ఒకనికి తలనొప్పియు మరియొకనికి వాంతియు మొదలయ్యెను. తలుపులు తెరచి వారిని చెట్టుక్రింద కూర్చుండబెట్టి వైద్యుని పిలిపించితిమి, సాయంకాలమునకు కోలుకొనిరి. మూసిన గదిలో బొగ్గు మండిన కార్బన్ మోనాక్సైడు అను గాలి నిండును. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తమందలి హిమోగ్లోబిన్ ప్రాణవాయువుకంటె దానిని రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. నిద్రవచ్చినట్లుండి ప్రాణము పోవచ్చును. ఆ మధ్యాహ్నమును తలచిన మాకు ఇప్పటికిని చేతులు చల్లబడును. బొగ్గు కుంపటిని ఆరుబయట తప్ప మరి యెచ్చటను వాడరాదు. చలికాలపు రాత్రులందు గదిలో కుంపటి పెట్టుకొని పడుకొను ఇండ్లవారికిని ఈ మాట చెప్పవలసినదిగా ఆ ముగ్గురినే పంపితిమి.

అయిదవ వారమునకు రొట్టె అంటుచున్నది, కాలుచున్నది. కాని ఒక లోపము మిగిలెను. రొట్టె బుడగలుగా పొంగక, పూరీవలె మొత్తము ఒకటేసారి లేచి, పైపొర మంటకు చేరువై మాడి, క్రిందిపొర పచ్చిగా నుండెను. ఆ దినము ఒక విద్యార్థిని యొక్క అవ్వ మనుమరాలిని చూడవచ్చి వంటశాల గడపలో కూర్చుండి యంతయు చూచుచుండెను. మేము తందూరును, గోడకంటుటను, తడి ముఖమును గూర్చి వివరించుచుండగా ఆమె నవ్వి, "గిది మా సర్వపిండి పనే గదా బిడ్డా!" అనెను.

మాకు సిగ్గు కలిగినది. సర్వపిండిని మేమందరమును చిన్ననాటినుండి తినుచున్నాము. బియ్యపుపిండిలో పల్లీలు, నువ్వులు, నానిన శనగపప్పు, కారము, కరివేపాకు కలిపి, ఇత్తడి సర్వ లోపలి గోడకు పలుచగా తట్టి, మూతపెట్టి పొయ్యిమీద నుంచుదురు. పిండిని పాత్ర లోపలి గోడకు అంటించి కాల్చుట మన యిండ్లలో ఎప్పటినుండియో యున్నది. భేదమేమనగా సర్వను చల్లగా నున్నపుడే తట్టుదురు, సన్నని సెగమీద తీరికగా కాల్చుదురు. అంతకుమించి ఆమె తెచ్చిన ఉపకారము వేరు. సర్వపిండిలో వేలితో రంధ్రములు చేసి నూనె చుక్కలు వేయుట ఆచారము. ఆమె లేచివచ్చి, మా రొట్టె పెనముమీద పడకముందే వ్రేళ్ల కొనలతో దానినిండ గుంటలు నొక్కెను. గుంటలున్నచోట పై పొరయు క్రింది పొరయు కలిసి పట్టుకొనును. ఆవిరి ఒక్కచోట చేరజాలక నడుమ నడుమ చిన్న బుడగలుగా లేచెను. రొట్టె సరిసమానముగా కాలెను. ఆరవ శనివారము మేము చేసినది ఆమె పద్ధతియే.

మొదటి విందునాటి తోలురొట్టె సంగతి మిగిలియున్నది. అది ఎండిపోయినదని మేమందరమును తలచితిమి. కాదు. నీరు పోకుండ మూసియుంచినను రొట్టె గట్టిపడునని బూసెంగో అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1852లోనే చూపెను. కాలినపుడు మెత్తబడిన గంజి చల్లారినపిదప మరల క్రమముగా బిగిసి గట్టిపడుటయే దీనికి ముఖ్యకారణము. చలిపెట్టెలో నుంచిన ఈ మార్పు మరింత త్వరగా జరుగును. కావున నాన్ ను చలిపెట్టెలో పెట్టుట మంచిది కాదు. మరల 60 డిగ్రీలకు పైగా వేడిచేసిన ఆ బిగువు చాలవరకు సడలును. ఆ రాత్రి రొట్టెలపై నీరు చిలకరించి వేడి పెనముమీద అర నిమిషము వేసియుండిన, విందు కొంత దక్కెడిది. అప్పుడు మాకది తెలియదు.

జొన్నపిండి కలిపి చూడుమని కొందరు కోరగా, నాలుగవ వంతు జొన్నపిండితో ఒకమారు చేసితిమి. ఒత్తునపుడు అంచులు చిట్లినవి, పొంగు సగమునకు తగ్గినది; కాని వాసన మాత్రము మన యింటి రొట్టె వాసన. అయిదవ వంతునకు తగ్గించిన చిట్లుట తగ్గినది. పప్పుతోను పచ్చిపులుసుతోను అదియే బాగున్నదని వసతిగృహమువారు తీర్మానించిరి.

ఈ సంవత్సరపు వార్షికోత్సవమునకు హైదరాబాదునకు ఎవరిని పంపలేదు. అరువదిమందికి రెండేసి చొప్పున నూట యిరువది రొట్టెలు. ఏడున్నర కిలోల మైదా, మూడు లీటర్ల నీరు, సుమారు రెండు కిలోల పెరుగు పట్టెను. నాలుగు పెనములమీద రొట్టెకు మూడు నిమిషముల వంతున గంటన్నర పట్టునని లెక్క కట్టితిమి. పెనములు మరల కాగుటకు పట్టు కాలమును మరచుటచే రెండు గంటలకు పైగా పట్టెను. కావున చిన్న తరగతులవారిని మొదటి పంక్తిలో కూర్చుండబెట్టి, పెద్దవారిని పొయ్యిలయొద్ద నిలిపితిమి. చెప్పులమాట చెప్పిన బాలుడు రెండవ పెనము పట్టుకొనెను.